‘క్విక్’ అంటే అన్నిచోట్లా ‘త్వరగా’ కాదు

సందేహం: భారతీయ న్యాయ సంహిత 92వ సెక్షన్ శీర్షికలో ‘క్విక్ అన్‌బార్న్ చైల్డ్’ అని ఉంది. ఇక్కడ ‘క్విక్’ను తెలుగులో ఏమనాలి? ‘క్విక్ లైమ్’ను ‘శీఘ్ర సున్నం’ అని రాయడం కూడా చూశాను. ‘త్వరగా’ అనే అర్థం ఈ రెండుచోట్లా పొసగడం లేదు.

సమాధానం: మీ అనుమానం సరైనదే. ‘క్విక్’ అనే విశేషణానికి అసలు అర్థం ‘ప్రాణమున్న’. వేగం అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. మీరు చూపిన రెండు మాటల్లోనూ ఆ పాత అర్థమే నిలిచిపోయింది. అలాగని రెండుచోట్లా ‘జీవ’ అని పెట్టేస్తే అదీ తప్పే అవుతుంది. ఎందుకో చెబుతాను.

సుమారు 1100కు ముందటి పాత ఆంగ్లంలో ఈ మాటకు వ్యతిరేకపదం ‘డెడ్’, ‘స్లో’ కాదు. ప్రాణమున్నది కదులుతుంది, కదిలేది చురుగ్గా ఉంటుంది, చురుకైనది వేగంగా పోతుంది. ఇలా మెట్టుమెట్టుగా 13, 14 శతాబ్దాల నాటికి ‘వేగవంతమైన’ అనే అర్థం కుదురుకుంది. ‘ప్రాణంతో’ అనే అర్థమిచ్చే ‘ఆన్ లైఫ్’ అనే పదబంధం అతుక్కుపోయి ‘ఎలైవ్’ అయింది. అది పాత అర్థాన్ని తన చేతిలోకి తీసుకుంది. మన ‘చురుకు’ నడిచిన దారి కూడా ఇలాంటిదే. ‘ఎండ చురుక్కుమంటోంది’ అన్నప్పుడు అది మంట. ‘చురుకైన పిల్లాడు’ అన్నప్పుడు తెలివి, హుషారు. ‘చురుగ్గా నడు’ అన్నప్పుడు వేగం.

‘క్విక్’కూ ‘జీవ’కూ ఉన్నది రక్తసంబంధం. సంస్కృతం, లాటిన్, ఆంగ్లం వంటి భాషలకు తల్లి అనదగ్గ మూల ఇండో-యూరోపియన్ భాషలో పెదవులు గుండ్రంగా చుట్టి పలికే ‘గ్వ’ వంటి ధ్వని ఒకటి ఉండేది. ఇకార, ఎకారాల ముందు అది సంస్కృతంలో ‘జ’ అయింది, ఆంగ్లం పుట్టిన జర్మానిక్ శాఖలో ‘క్వ’ అయింది, లాటిన్‌లో ‘వ’ అయింది. అందుకే సంస్కృత ‘జీవ’, ఆంగ్ల ‘క్విక్’, ప్రాణమున్న అనే అర్థమిచ్చే లాటిన్ ‘వీవుస్’ అన్నదమ్ములు. ఇది కాకతాళీయం కాదనడానికి ఇంకో జంట ఉంది: వేదభాషలో స్త్రీ అనే అర్థమున్న ‘జని’, ఆంగ్లంలో మొదట స్త్రీ, భార్య అనే అర్థమే ఉన్న ‘క్వీన్’. ఈ చుట్టరికం సంస్కృతంతోనే అని మాత్రం గుర్తుంచుకోవాలి. ‘జీవం’ తెలుగులోకి సంస్కృతం నుంచి వచ్చిన మాట. తెలుగు ద్రావిడ భాష.

1600 ప్రాంతంలో రెండు అర్థాలూ పక్కపక్కనే బతికాయి. షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ 5వ అంకం మొదటి రంగంలో, గోతిలో నిలబడి సమాధి తవ్వుతూ అది తనదేనన్నవాడితో హామ్లెట్ ‘ఈ సమాధి చచ్చినవాళ్ళది, క్విక్ అయినవాళ్ళది కాదు’ అంటాడు. అబద్ధమాడుతున్నావని కూడా అంటాడు. ‘అయితే ఇది క్విక్ అబద్ధం, నా దగ్గర్నుంచి మళ్ళీ మీ దగ్గరికే పోతుంది’ అని వాడి జవాబు. మొదటి ‘క్విక్’ ప్రాణం, రెండోది పరుగు. 1611 నాటి ఆంగ్ల బైబిల్‌లో ‘ద క్విక్ అండ్ ద డెడ్’ అని ఉన్నచోట తెలుగు బైబిల్ ‘సజీవులకును మృతులకును’ అంటుంది. హెబ్రీయులకు రాసిన పత్రిక 4:12లో దేవుని వాక్యం ‘క్విక్’ అని ఆ ఆంగ్ల పాఠం. తెలుగులో ‘సజీవమై బలముగలదై’. ఆ ఆంగ్ల పాఠం చూసి ‘వేగమైనది’ అని వివరిస్తే తప్పు.

ఇక చట్టం సంగతి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 312, 316 సెక్షన్లుగా ఉన్నవే 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలో 88, 92 అయ్యాయి. ‘క్విక్’ అలాగే ఉండిపోయింది. 88వ సెక్షన్ ప్రకారం గర్భస్రావం చేయించిన నేరానికి 3 ఏళ్ళ దాకా శిక్ష. ఆ స్త్రీ ‘క్విక్ విత్ చైల్డ్’ అయితే 7 ఏళ్ళ దాకా. అంటే ఈ ఒక్క విశేషణం మీద శిక్ష రెట్టింపు దాటిపోతోంది. ఇక్కడ దాని అర్థం కడుపులో బిడ్డ కదలిక తల్లికి తెలిసే దశ. తొలి కాన్పులో సాధారణంగా 18 నుంచి 20 వారాలకు, తర్వాతి కాన్పుల్లో కొందరికి 16 వారాలకే తెలుస్తుంది. కదలికను ప్రాణానికి గుర్తుగా తీసుకున్న కాలపు మాట ఇది.

దీన్ని ‘సజీవ గర్భస్థ శిశువు’ అని రాస్తే, మొదటి వారాల పిండం కూడా సజీవమే కదా అన్న ప్రశ్న వస్తుంది. చట్టం గీసిన గీత చెరిగిపోతుంది. మన ఇళ్ళలో ఈ తేడా స్పష్టంగానే ఉంది: ‘నెల తప్పింది’ అనేది ఒక దశ, ‘బిడ్డ మెదులుతోంది’ అనేది మరో దశ. కాబట్టి 88లో ‘కడుపులో బిడ్డ కదలికలు మొదలైన స్త్రీ’ అనీ, 92లో ‘కదలికలు మొదలైన గర్భస్థ శిశువు’ అనీ రాయండి. కాస్త పొడుగైనా, కోర్టు కాగితంలో పొడుగు కన్నా పొరపాటు ప్రమాదం.

ఇక ‘క్విక్ లైమ్’. ఇది ‘ప్రాణమున్న సున్నం’ అనే అర్థమిచ్చే లాటిన్ ‘కాల్క్స్ వీవా’కు అనువాదం. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే, 100 కిలోల స్వచ్ఛమైన రాయి నుంచి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోయి 56 కిలోల కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. చూడ్డానికి చల్లని తెల్ల గడ్డ. నీళ్ళు తగిలాయంటే బుసబుసమని ఉడికి, ఆవిరి చిమ్ముతూ విచ్చిపోతుంది. లోపల దాగిన నిప్పు కంటికి కనబడని ఆత్మలా ఉంది కనుకనే దీన్ని ప్రాణమున్న సున్నం అంటున్నామని 5వ శతాబ్దిలో క్రైస్తవ మతాచార్యుడు సెయింట్ అగస్టీన్ రాశాడు.

‘శీఘ్ర సున్నం’ అని సంచి మీద అచ్చేస్తే త్వరగా గట్టిపడే సున్నం అనుకుంటారు. నీళ్ళు గుమ్మరించిన పనివాళ్ళ కళ్ళకే ముప్పు. మన పాఠ్యపుస్తకాల మాట ‘పొడి సున్నం’. నీళ్ళు పోసి విరిశాక ‘తడి సున్నం’. ఇక్కడా ఒక చిక్కుంది. ఈ ‘పొడి’ తడికి వ్యతిరేకం, పిండి కాదు. కానీ విరిసిన సున్నం కూడా పిండిలా సంచుల్లో అమ్ముతారు. అందుకని హెచ్చరికల్లో ‘నీరు తగలని కాల్చిన సున్నం’ అని రాసి, పక్కన కాల్షియం ఆక్సైడ్ అని చేర్చడం మేలు.

మిగిలినవాటికి మనకు మాటలు సిద్ధంగా ఉన్నాయి. క్విక్ సిల్వర్ పాదరసం. ప్రాణమున్నట్టు పరుగులు తీసే వెండి అని ఆ ఆంగ్లపదం అర్థం. క్విక్ శాండ్ ఊబి. పాతిన మొక్కలే పెరిగి కంచె అయితే అది క్విక్ సెట్ హెడ్జ్. మనవాళ్ళు జీవకంచె అంటారు, అది చక్కగా సరిపోతుంది. ఎండు కంపతో వేసినది డెడ్ హెడ్జ్. కొత్తచోట ‘క్విక్’ తగిలితే దానికి ఎదురుమాట ‘డెడ్’ అవుతుందా, ‘స్లో’ అవుతుందా అని వేసి చూడండి. చాలా సందేహాలు అక్కడే తేలతాయి.

ఒక్కచోట అది విశేషణం కూడా కాదు, నామవాచకం: గోటి కింద ముట్టుకుంటే ప్రాణం విలవిల్లాడే పచ్చి భాగం. ఒక మాట తనను ‘క్విక్’ దాకా కోసిందని ఆంగ్ల నవలలో పాత్ర అంటే, ‘ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది’ అని తెలుగు చేయండి.