ఎస్‌ఎఫ్‌టీపీ యూజర్‌ని తన ఫోల్డర్ దాటనివ్వకుండా కట్టడి చేయడం ఎలా?

ఆకివీడు, కాళ్ల వైపు రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే మీ ల్యాబ్‌కి 12 మంది కుర్రాళ్లు రోజూ ఎస్‌ఎఫ్‌టీపీ (భద్రంగా ఫైళ్లు పంపే పద్ధతి) ద్వారా రీడింగుల ఫైళ్లు పంపాలి, ఒకరి ఫోల్డర్ ఇంకొకరికి కనబడకూడదు, కానీ సీహెచ్‌రూట్ (యూజర్‌ని ఒక ఫోల్డర్‌లోనే బంధించే ‘జైలు’) పెట్టిన దగ్గర్నుంచి లాగిన్ అవగానే కనెక్షన్ తెగిపోతోందన్నారు.

నూటికి తొంభై పాళ్లు తప్పు ఓనర్‌షిప్‌లోనే ఉంటుందండి. జైలు ఫోల్డరూ, దాని పైన స్లాష్ (అన్నిటికంటే పై ఫోల్డర్) దాకా ఉన్న ప్రతి ఫోల్డరూ రూట్ (సర్వర్ అడ్మిన్) పేరు మీదే ఉండాలి. గ్రూపుకి గానీ ఇతరులకి గానీ రాసే హక్కు ఉండకూడదు. అనుమతులు 755 (రాసే హక్కు ఓనర్‌కే) పెట్టండి. మీరు బహుశా యూజర్ పేరు మీదే ఉండే అతని హోమ్ ఫోల్డర్‌నే జైలుగా చూపించి ఉంటారు. అప్పుడు పాస్‌వర్డ్ సరైనదైనా అవతలివాడికి ‘బ్రోకెన్ పైప్’ లాంటి మాట మాత్రమే వస్తుంది. అసలు సంగతి సర్వర్‌లో ఆథ్ లాగ్ తెరిస్తే తెలుస్తుంది: ‘బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్’ అని రాసి ఉంటుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, గట్టు మీద పార వేసే హక్కు ఉన్నవాడు గండి కొట్టగలడు. జైలు ఫోల్డర్‌లోనే రాయగలిగితే అక్కడ తన సొంత ఈటీసీ, లిబ్ ఫోల్డర్లు (సిస్టం సెట్టింగులు, లైబ్రరీలు ఉండేవి) సృష్టించి ప్రోగ్రాములను మోసం చేయొచ్చు. అందుకే గట్టు రూట్‌ది, లోపలి చెరువు యూజర్‌ది: జైలు లోపల ‘అప్‌లోడ్’ అని ఇంకో ఫోల్డర్ చేసి, దాన్ని మాత్రమే యూజర్ పేరు మీదకి మార్చండి.

ఆ 12 మందినీ ఒక గ్రూపులో వేసి, ఎస్‌ఎస్‌హెచ్‌డీ (లాగిన్లు చూసే సర్వర్ ప్రోగ్రాం) కాన్ఫిగ్ ఫైల్ అట్టడుగున ‘మ్యాచ్ గ్రూప్’ రాయండి. అడుగునే ఎందుకంటే దాని కింద ఏం రాసినా ఆ గ్రూపుకే వర్తిస్తుంది. అందులో సీహెచ్‌రూట్ డైరెక్టరీ (ఎవరి జైలు వారికి), ఫోర్స్ కమాండ్ ‘ఇంటర్నల్-ఎస్‌ఎఫ్‌టీపీ’ (సర్వర్ ప్రోగ్రాంలోనే ఉన్న ఎస్‌ఎఫ్‌టీపీ), టీసీపీ ఫార్వర్డింగ్ ‘నో’. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. వదిలితే జైల్లో ఉన్నవాడు కూడా మీ సర్వర్ మీదుగా లోపలి డేటాబేస్ దాకా సొరంగం వేసుకోగలడు. ఇంటర్నల్ రకం వాడితే జైల్లోకి బ్యాష్ (కమాండ్లు నడిపే షెల్), లైబ్రరీలు కాపీ చేసే పని లేదు, షెల్ ‘నోలాగిన్’ పెట్టేయొచ్చు.

పాస్‌వర్డ్ బదులు కీలతో లాగిన్ అయితే ఒక మెలిక ఉంది. ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌ని (అనుమతించిన కీల జాబితా) సర్వర్ జైల్లోకి దిగకముందే చదువుతుంది. కాబట్టి దాన్ని జైలు బయట, రూట్ పేరు మీద ఉంచండి.

రీస్టార్ట్‌కి ముందు ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ టీ’తో తప్పులు చూసుకోండి. తెరిచి ఉన్న మీ పాత సెషన్‌ని మాత్రం కొత్త లాగిన్ పనిచేసేదాకా మూయకండి.

ఇంకొకటి, మీ పనికి ఇది ముఖ్యం. జైల్లో ఈటీసీ కింద లోకల్‌టైమ్ ఫైల్ లేకపోతే లిస్టింగులో సమయాలు భారత కాలమానం బదులు యూటీసీలో, ఐదున్నర గంటలు వెనక్కి కనబడతాయి. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయే తెల్లవారుజాము 5 గంటల రీడింగు ముందురోజు రాత్రి 11:30దిగా కనిపిస్తుంది. ఆ ఒక్క ఫైల్‌నీ ప్రతి జైల్లోకీ కాపీ చేయండి.