జాకీ ఫ్రెంచ్ మీద ప్రాజెక్టు: ఎక్కడ మొదలుపెట్టాలంటే

సిడ్నీలో నాలుగో తరగతి చదివే మీ పాపకి ఆస్ట్రేలియా పిల్లల రచయిత్రి జాకీ ఫ్రెంచ్ మీద ప్రాజెక్టు ఇచ్చారు, ఆవిడ పుస్తకాలేమో వందకు పైనే, పైగా పాపకి చదవడమే కష్టం అన్నారు కదండీ. ఆ చివరి మాటతోనే మొదలుపెట్టించండి. ఆవిడకీ డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది, ఉంది.

న్యూసౌత్‌వేల్స్‌లోని అరలూయెన్ లోయలో, షెడ్డులో ఉండే రోజుల్లో కారు రిజిస్ట్రేషన్‌కి డబ్బుల్లేక కథ రాసి పంపారు. పాత టైప్‌రైటర్ మీద ఓ వాంబాట్ (చిన్న ఎలుగుబంటి పిల్లలా ఉండే ఆస్ట్రేలియా జంతువు) వచ్చి పెంట పెట్టిపోయేదట! దాంతో ఇంగ్లీషు 'ఈ' (e) అక్షరం మీట పనిచేయక, ఆ అక్షరాలన్నీ పెన్నుతో దిద్దారు. స్పెల్లింగ్ తప్పులు సరేసరి. అయినా 1991లో మొదటి పుస్తకం 'రెయిన్ స్టోన్స్' వచ్చింది. క్లాసులో ఈ ఒక్క ముక్క చెబితే చాలు, పిల్లలంతా పడీ పడీ నవ్వుతారు.

చదవడానికి 'డైరీ ఆఫ్ ఎ వాంబాట్' (2002) ఇవ్వండి. పేజీకి ఒకటి రెండు ముక్కలే: తిండి, నిద్ర, క్యారెట్ల కోసం తలుపు పగలగొట్టడం. మిగతా కథంతా బ్రూస్ వాట్లీ బొమ్మల్లోనే ఉంటుంది.

చరిత్ర భాగానికి 'ఫెయిర్ డింకమ్ హిస్టరీస్' వరసలో ఒక్కటి తీసుకోండి, కార్టూన్లు బోలెడు. 'హిట్లర్స్ డాటర్' (1999) గొప్పదే, కానీ నన్నడిగితే ఇంకో రెండేళ్లు ఆగాలి. 2014-15లో ఆస్ట్రేలియా బాలసాహిత్య లారియెట్ (పిల్లల పుస్తకాలకి దేశం తరఫు ప్రతినిధి లాంటి గౌరవ పదవి) అన్నది చార్టు మూల ఒక లైను, అంతే.