జెంబే కొన్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

మాలి రాజధాని బమాకోలో నువ్వు కొన్న జెంబే డోలు ఫొటో చూశాను. లెంకే కర్రతో తొలిచినదన్నావు. మోయడానికి బరువే గానీ గట్టి కర్ర, మంచిదే ఎంచుకున్నావు. దానికి ఏమేం తగిలించాలని అడిగావు. అది చివర చెబుతాను, ముందు గాలి సంగతి విను.

డిసెంబరు వచ్చిందంటే సహారా వైపు నుంచి హర్మటాన్ వీస్తుంది. మన పెదవులు పగిలేదీ, మేకతోలు బిర్రబిగిసేదీ ఆ గాలికే. నేను అక్కడున్నప్పుడు నా మొదటి జెంబేను అద్దాలు మూసిన కారులో వదిలి భోజనానికి వెళ్లాను. వచ్చేసరికి తోలు అంచు వెంబడి చీలి నోరు తెరుచుకుని ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందుకే ఆ నెలల్లో తోలును బిగించే తాడు ముడులు నాలుగైదు విప్పి ఉంచు.

వానాకాలంలో తోలు సడలి మోత మందగిస్తే మళ్లీ బిగించుకో. మిగులు తాడుతో రెండేసి నిలువు తాళ్లు ఒకదాన్నొకటి దాటేలా అల్లి లాగితే వజ్రాకారంలో ముడి పడుతుంది. వట్టి చేతులతో లాగితే అరచేతులు కోసుకుపోతాయి. తాడును ఒక కర్రకు చుట్టి, డోలును పాదంతో అదిమిపట్టి లాగు. ఒక్క రోజులో రెండు మూడు ముడులు చాలు, తోలుకు సర్దుకునే వ్యవధి ఇవ్వాలి.

మనవాళ్లు డప్పును కాచుకున్నట్టే అక్కడా వాయించే ముందు మంట దగ్గర పెడతారు. నువ్వు పెడితే తోలు పక్కనే నీ చేయి కూడా ఉంచు. చేయి ఓర్వలేని వేడి తోలుకూ వద్దు.

తోలుకు నూనె రాయకు. కర్రకు మాత్రం, లోపలా బయటా, బజారులో దొరికే షియా వెన్న పలుచగా పట్టించు. వాయించేటప్పుడు ఉంగరాలు, గాజులు తీసెయ్. అడుగు నేలకు ఆనకుండా కాస్త వంచి పట్టుకో, లేకపోతే గుమ్మనే మంద్రస్వరం బయటికి రాదు.

ఇక అలంకారాలు. అంచున తాళ్లలోకి దోపే రేకులను సెసే అంటారు. రేకు చుట్టూ చిన్న తీగ కడియాలు ఉంటాయి. దెబ్బ పడగానే అవి ఝల్లుమంటాయి. మూడు పెట్టుకోవచ్చు గానీ, నేర్చుకునే రోజుల్లో వద్దే వద్దు. అరచేతి దెబ్బకూ వేళ్ల దెబ్బకూ తేడా నీ చెవికి తెలియాలి కదా! డబ్బుంటే ముందు డోలు తోలు మీద తొడిగే, దళసరి మెత్త ఉన్న టోపీ, భుజానికి వెడల్పాటి పట్టీ కొను.

ఈసారి ఫొటో తీసేటప్పుడు ఇనుప వలయం మీదుగా తోలు వంగే చోటును దగ్గరగా తీసి పంపు. అక్కడ తెల్లటి గీత పడిందేమో చూడాలి.

మీ మామయ్య