నీడ దొరికాకే బండి కొనండి

(ఈ శీర్షిక రాసేవారు విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డులో పనిచేశారు. ఇప్పుడు భార్యతో కలిసి సొంత వ్యాన్‌లోనే కాపురం ఉంటున్నారు.)

ప్రశ్న: అన్నగారూ, మాది గుంటూరు అరండల్‌పేట. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పని ఇంటి నుంచే. మా ఆవిడ కూడా ఇంట్లోంచే అకౌంట్స్ చూస్తుంది. పిల్లలు ఇంకా లేరు. అమెరికాలో జనం వ్యాన్‌లో హాయిగా బతకడం వీడియోల్లో చూసి, ఓ పాత ట్రావెలర్ వ్యాన్‌కి అడ్వాన్స్ ఇద్దామనుకుంటున్నాం. మా మామగారు "రోడ్డు మీద కాపురం పెడతారా?" అని అలిగి కూర్చున్నారు. మన ఎండలకి ఇది కుదిరే పనేనా?

జవాబు: కుదురుతుంది తమ్ముడూ. మేం ఉంటున్నాం కదా. కానీ ఆ అడ్వాన్స్ ఇప్పుడే ఇవ్వొద్దు. బండి సంగతి తర్వాత. ముందు దాన్ని ఎక్కడ ఆపుతావో చెప్పు.

నువ్వు చూసిన వీడియోల్లో వాళ్ల బండి చాలాసార్లు ప్రభుత్వ భూమిలో ఉంటుంది. అక్కడి పడమటి రాష్ట్రాల్లో బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే శాఖ కింద కోట్ల ఎకరాలున్నాయి. వాటిలో చాలా చోట్ల ఒక జాగాలో 14 రోజుల దాకా పైసా కట్టకుండా ఉండొచ్చు. ఆ తర్వాత ఇంకో చోటికి కదలాలి. చలికాలం అరిజోనా ఎడారిలో గడుపుతారు, ఎండలు ముదరగానే ఉత్తరానికో కొండల మీదికో వెళ్లిపోతారు. అంటే వాళ్లు ఎండను తట్టుకోవడం లేదు, దాని నుంచి తప్పుకుంటున్నారు. మనకు అలాంటి ఖాళీ భూమి లేదు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఏ గట్టు చూసినా ఎవరో ఒకరిదే. కాలవ గట్టు ఇరిగేషన్ వాళ్లది, గుడి పక్క స్థలం దేవస్థానానిది, మిగతాది రైతుది. అందుకే మన దగ్గర వ్యాన్ బతుకంటే ముందు మనుషులను సంపాదించుకోవడం. "ఇక్కడ పెట్టుకోండి" అనే రైతులు, బంధువులు నలుగురైదుగురు వేర్వేరు ఊళ్లలో ఉంటే నీకు ఇల్లు ఉన్నట్టే. వాళ్లు లేకపోతే ఎంత ఖరీదైన బండి కొన్నా రాత్రి పదకొండింటికి ఎవరో ఒకరు అద్దం మీద కొడతారు.

మేం ఎక్కువగా నున్న వైపు మామిడి తోటల్లో ఉంటాం. తోట గలాయన మా ఇంటావిడ తరఫు దూరపు చుట్టం. కాయ మీదున్నప్పుడు తోట కౌలుదారు చేతిలో ఉంటుంది, బయటి బండి అంటే అతనికి అనుమానం. సహజమే కదా, కాయ అతని అన్నం. అందుకని ముందే అతనితో మాట్లాడుకుంటాం. రాత్రిపూట కాపలాకి మేం కూడా ఓ కన్నేసి ఉంచుతాం, అతను మోటారు దగ్గర నీళ్లు పట్టుకోనిస్తాడు. ఇందులో కాగితం మీద రాసుకున్నదేమీ లేదు. మాట మీదే నడుస్తోంది.

ఇక ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. బెజవాడ మే నెలలో ఇనుప రేకు బండి ఎండలో నిలబెడితే మధ్యాహ్నం లోపల మనిషి ఉండలేడు. ఏసీ పెట్టుకుందాం అంటావు, లెక్క చూడు. 12 వోల్టుల 200 ఏహెచ్ లిథియం బ్యాటరీ నిండితే సుమారు రెండున్నర యూనిట్ల కరెంటు. టన్ను ఏసీ గంటకు దగ్గర దగ్గర ఒక యూనిట్ తాగుతుంది. రెండున్నర గంటల్లో బ్యాటరీ ఖాళీ. అదే బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే ఫుల్ స్పీడులో 30 వాట్ల లోపే, రాత్రంతా తిరిగినా పావు యూనిట్. మీ ఇద్దరి ల్యాప్‌టాప్‌లు, లైట్లు, ఓ చిన్న డీసీ ఫ్రిజ్ కలిపినా రోజుకు రెండు యూనిట్ల లోపు సర్దుకోవచ్చు. 400 వాట్ల సోలార్ మంచి ఎండ రోజున ఒకటిన్నర దాకా ఇస్తుంది, మిగతాది బండి నడిచేటప్పుడు ఇంజన్ నుంచి ఎక్కించుకోవాలి.

ఇక్కడ అసలు చిక్కు ఒకటుంది. వీడియోల్లో దీని గురించి మాట్లాడరు. సోలార్‌కి ఎండ కావాలి, నీకు నీడ కావాలి. సోలార్ పలకలు టాప్ మీదే బిగించేస్తే బండిని చెట్టు కిందికి తెచ్చిన రోజు కరెంటు రాదు. మా బండికి టాప్ మీద ఒక పలకే ఉంది. ఇంకో రెండు విడిగా పెట్టుకున్నాం. పొద్దున్నే తోట అంచున ఎండ పడేచోట వాటిని ఆనించి, పొడుగు వైరు లాగుతాను. రెండింటినీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలపాలి. వోల్టేజీ పెరిగితే పొడుగు వైరులో నష్టం తక్కువ. మధ్యలో ఎంపీపీటీ కంట్రోలర్ (ఆ వోల్టేజీని బ్యాటరీకి సరిపడా మార్చి ఎక్కించే పెట్టె) తప్పనిసరి. టాప్ మీది పలకను కూడా రేకుకు అంటించకుండా నాలుగు వేళ్ల ఖాళీ వదిలి బిగించాం. ఆ సందులో గాలి ఆడుతుంది, పలక నీడ రేకు మీద పడుతుంది. బండి రంగు తెలుపే ఉండాలి. లోపల ప్లైవుడ్ కొట్టే ముందు గోడల్లో, టాప్‌లో ఇన్సులేషన్ నింపించు. షెడ్డు వాళ్లు "ఎందుకండీ, రెగ్జిన్ వేస్తే చాలు" అంటారు, వినకు.

ఇంత చేసినా మే నెల మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మీటింగులు చేయలేవు. ఆ నాలుగు వారాలూ హార్స్‌లీ హిల్స్‌కో, లంబసింగి వైపో పోవాలి. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది, హార్స్‌లీ హిల్స్ ఇంకా పైన. అక్కడ నీ ఫోన్‌కి సిగ్నల్ ఎలా ఉందో ముందే ఓసారి వెళ్లి చూసుకో. అదీ కుదరదంటే ఆ నెల మీ మామగారింట్లో ఉండండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

బండి కొనే ముందు ఓ పని చెయ్యి. మే నెలలోనే ట్రావెలర్ అద్దెకు తీసుకుని వారం రోజులు ఇద్దరూ అందులో పడుకోండి. డిసెంబర్‌లో చూస్తే ఎవరికైనా నచ్చుతుంది. ఆ వారం ఒక రాత్రి మామగారిని కూడా పిలువు. ఆయన భయం బండి గురించి కాదు, కూతురు రాత్రిపూట ఎక్కడ ఉంటుందో అని. బండి ఆపే తోట, తోట మనుషులు కళ్లకు కనిపిస్తే ఆయన సగం కుదుటపడతారు.

ప్రశ్న: అమ్మకానికి వచ్చిన స్కూలు బస్సు చవగ్గా దొరుకుతోంది. సీట్లు పీకేసి మంచం, వంటగట్టు పెట్టించుకుంటే ఆర్టీఏ వాళ్లు ఊరుకుంటారా? — ఒక పాఠకుడు, భవానీపురం

జవాబు: ఊరుకోరు. ఊరుకోకూడదు కూడా. సీట్ల సంఖ్య, బాడీ రకం ఆర్‌సీలో రాసి ఉంటాయి. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. పైగా స్కూలు బస్సు ట్రాన్స్‌పోర్ట్ వాహనం. సొంతానికి వాడుకునే క్యాంపర్ వ్యాన్ నాన్-ట్రాన్స్‌పోర్ట్ కిందికి వస్తుంది. అంటే క్లాసే మారాలి. మోటార్ కారవాన్‌లకు ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణం ఉంది, దాని ప్రకారం ఆమోదం పొందిన బండి కొనడం దగ్గరి దారి. ఖరీదు ఎక్కువే, నిజం. కానీ ఆర్‌సీ ఒకలా, బండి ఒకలా ఉంటే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ తోసిపుచ్చడానికి అదే పట్టుకుంటారు. డబ్బు చేతులు మారకముందే ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి, ఫలానా మార్పుకు అనుమతి ఉందా అని రాతపూర్వకంగా అడగండి. బ్రోకర్ "నేను చూసుకుంటా" అంటే అక్కడి నుంచి వచ్చేయండి. లైసెన్స్ సంగతికొస్తే 7,500 కిలోల లోపు బండికి ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్ చాలు.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్‌ని, మాది మంగళగిరి. ఒంటరిగా ఉంటాను. తీర్థయాత్రలు చేస్తూ వ్యాన్‌లోనే ఉండిపోవాలని ఉంది. అడగడానికి మొహమాటంగా ఉంది గానీ, స్నానం, బాత్రూమ్, వంట ఎలాగండీ?

జవాబు: మొహమాటం ఎందుకు టీచర్ గారూ, అందరూ అడగాల్సింది అదే. మా ఇంటావిడ ఒక్క మాటే చెప్పమంది: రాత్రిపూట బాత్రూమ్ కోసం బండి దిగాల్సిన అవసరం రాకూడదు. క్యాసెట్ టాయిలెట్ పెట్టించుకోండి. బయటికి లాగి తీసే ఇరవై లీటర్ల చిన్న ట్యాంకు ఉంటుంది, ఒక్క మనిషికి రెండు మూడు రోజులొస్తుంది. దాన్ని మరుగుదొడ్డిలోనే ఖాళీ చేయాలి. కృష్ణలోనో కాలవలోనో పోయడం మహా పాపం, ఆ నీళ్లే కింద ఊళ్లు తాగుతాయి. దారిలో పెట్రోలు బంకుల్లో టాయిలెట్, మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలి, నిస్సంకోచంగా అడగండి.

నీళ్లు వంద లీటర్లంటే వంద కిలోల బరువని మరిచిపోకండి. ట్యాంకు బండి మధ్యలో, కింద ఉండాలి. పై ర్యాకులో పెడితే ఘాట్ రోడ్డు మలుపుల్లో బండి ఊగుతుంది.

వంటకి అయిదు కిలోల గ్యాస్ సిలిండర్ చాలు, దానికి అడ్రస్ ప్రూఫ్ అడగరు. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది. అందుకని సిలిండర్ పెట్టిన అరకి అడుగున బయటికి కన్నం ఉండాలి. కిటికీ ఉందిగా అని వదిలేయొద్దు. పోపు మాత్రం వెనక తలుపు తీసి బయట పెట్టుకోండి. మన గుంటూరు ఎండుమిరపకాయ లోపల వేగితే ఆ ఘాటు దుప్పట్లను రెండు రోజులు వదలదు.

మీరు ఒంటరిగా అన్నారు కాబట్టి మొదటి ఏడాది ఆశ్రమాలు, సత్రాల ఆవరణల్లోనే ఆపండి. రోజూ ఒకే టైముకి ఎవరో ఒకరికి ఫోన్ చేసి ఎక్కడున్నారో చెప్పండి.

ప్రశ్న: 2024 వరదల్లో సింగ్‌నగర్‌లో మా ఇల్లు మునిగింది. చక్రాల మీద ఇల్లయితే ఈ బాధ ఉండదు కదా? — ఒక గృహిణి

జవాబు: అమ్మా, మీరు పడిన కష్టం మేం దగ్గర నుంచి చూశాం. బుడమేరు గండ్లు పడి నీళ్లు వచ్చాయి, అటు ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. ఆ నీళ్లలో ఇళ్లతో పాటు కార్లు, ఆటోలు కూడా మునిగాయి. చక్రాలున్నా, సమయానికి కదిలితేనే ఉపయోగం. వరద హెచ్చరిక వినగానే, వీధిలోకి నీళ్లు రాకముందే మెరకకు వెళ్లిపోవాలి. ఒక్కసారి నీళ్లు ఇంజన్ దాకా వచ్చాయా, సెల్ఫ్ కొట్టొద్దు. ఎయిర్ ఫిల్టర్ గుండా నీళ్లు లోపలికి పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ వైరు తీసేసి బండిని మెకానిక్ దగ్గరికి తోయించండి. ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి: భయం వల్ల బండిలోకి మారొద్దు. ఉన్న ఇల్లు అమ్మకుండా, పై అంతస్తులో అద్దెకైనా చూసుకుని, తర్వాత నిదానంగా ఆలోచించండి.

ప్రశ్న: ఇల్లు ఖాళీ చేసి బండిలోకి మారితే ఆధార్‌లో అడ్రస్ ఏమని పెట్టాలి? — ఒక పాఠకుడు, పటమట

జవాబు: మీ అమ్మానాన్నలదో, కొడుకుదో పెట్టుకోండి. కుటుంబ పెద్ద అనుమతితో వాళ్ల చిరునామాకి మారే వీలు 2023 నుంచి ఆన్‌లైన్‌లోనే ఉంది. బంధుత్వం చూపే కాగితం ఒకటి కావాలి. బ్యాంకులో, ఇన్సూరెన్స్‌లో కూడా అదే చిరునామా ఉండేలా చూసుకోండి. ఉత్తరాలు అక్కడికే వస్తాయి కాబట్టి, ఆ ఇంట్లో వచ్చిన కవరును వెంటనే విప్పి మీకు ఫోటో పంపే మనిషి ఉండాలి.