లా చదివితే అధికారులను కోర్టుకు ఈడ్వొచ్చా?

ప్రశ్న: మాది హన్మకొండ జిల్లాలో ఒక పల్లె. పాస్‌బుక్కులో అరెకరం తక్కువ పడింది. ఎన్నిసార్లు ఆఫీసుకు తిరిగినా పని కాలేదు. మా వెంట తిరిగిన మా బిడ్డ బీఏ చివరి సంవత్సరంలో ఉంది. ‘లా చదివి వీళ్లను కోర్టుకు ఈడుస్తా’ అంటోంది. నేను గ్రూప్-2 రాయమంటున్నా. లేకపోతే నేరుగా జడ్జి పరీక్షకు కోచింగ్ ఇప్పించాలా?

జవాబు: కోచింగ్ ఇప్పుడే వద్దండి. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మూడేళ్ల లా, ఆపైన మూడేళ్ల కోర్టు అనుకోండి. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అర్హతల పేజీ మీరే చదవండి, కోచింగ్ సెంటర్ వాళ్ల మాట మీద ఫీజు కట్టకండి.

లా కాలేజీలో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష లాసెట్‌ను తెలుగులోనూ రాయొచ్చు. సుబేదారిలో కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ ఉంది కాబట్టి హైదరాబాద్ హాస్టల్ ఖర్చు లేకుండానే చదువు అయిపోవచ్చు. అసలు బరువు ఆ తర్వాతే. సీనియర్ దగ్గర చేరిన కొత్తలో చేతికొచ్చేది బస్సు చార్జీలకు సరిపోతే గొప్ప. ఆ రోజుల్లో ఇంట్లో నుంచి డబ్బు పంపగలరా లేదా అన్నది ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదుకు మాత్రం 750 రూపాయలకు మించి, ఎస్సీ, ఎస్టీలైతే 125కు మించి తీసుకోకూడదని 2024లో సుప్రీంకోర్టే తేల్చింది.

ఇక అధికారులను ఈడ్వడం. అమ్మాయి కోపం న్యాయమైనదే, కానీ అధికారుల మీద హైకోర్టులో వేసే పిటిషన్, అంటే రిట్, ఏం చేస్తుందో ముందు తెలుసుకోవాలి. హైకోర్టు చాలా రిట్లలో భూమి ఎవరిదో తేల్చదు. ‘ఈ దరఖాస్తును ఇన్ని వారాల్లో పరిశీలించి ఉత్తర్వు ఇవ్వండి’ అని అధికారిని ఆదేశిస్తుంది. ఫైలు మళ్లీ అదే టేబుల్ మీదికి వస్తుంది. ఆయన కాదని రాస్తే దానిపై అప్పీలు. గడువు దాటినా కదలకపోతే కోర్టు ధిక్కార పిటిషన్, అదీ ఏడాది లోపే వేయాలి. సినిమాలో లాగా బోనెక్కించి కడిగేయడం ఇందులో ఉండదు. దరఖాస్తు అందినట్టు ముద్ర పడిన కాగితం, తేదీలు, పాత పహాణీ (రెవెన్యూ వాళ్ల భూమి రికార్డు) నకలు... ఇవి వరుసగా పెట్టుకునే ఓపిక ఉన్నవాళ్లే ఈ పనిలో నెగ్గుతారు. మీ బిడ్డకు ఆ ఓపిక ఉంటే లాకు పంపండి.

గ్రూప్-2 కూడా తీసిపారేసేది కాదు. నాయబ్ తహసీల్దార్ అయితే ఆ టేబుల్‌కు అవతలి పక్క తనే కూర్చుంటుంది. లా చదివిన అధికారి రాసిన ఉత్తర్వు అప్పీలులో కొట్టుకుపోవడం తక్కువని నా అభిప్రాయం. ప్రభుత్వ కొలువే కావాలంటే, మూడేళ్ల ప్రాక్టీసు తర్వాత ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ దారీ ఉంది.

ఏదీ తేల్చుకోకముందు హన్మకొండ అదాలత్‌లోని కోర్టు హాల్లో ఒక వారం వెనక బెంచీ మీద కూర్చోనివ్వండి. వాయిదాలు వింటూ విసుగొస్తే ఇప్పుడే తెలిసిపోతుంది.

అరెకరం కోసం మాత్రం ఆమె లాయరయ్యేదాకా ఆగకండి. 2025 ఏప్రిల్ నుంచి భూమి రికార్డుల ధరణి విధానం స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. తహసీల్దార్ ఉత్తర్వుపై ఆర్డీఓకు, అక్కడా కాకపోతే కలెక్టర్‌కు అప్పీలు చేసుకోవచ్చు. మీ దరఖాస్తు ఎవరి దగ్గర, ఎందుకు ఆగిందో అడుగుతూ మండల ఆఫీసుకైతే ఐదు, ఆపై ఆఫీసులకైతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ దరఖాస్తు మీ బిడ్డతోనే రాయించండి.