లెక్క సరిపోయిందని చెప్పే ముందు

చి. అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

సర్జన్ చేతికి పరికరాలు అందించే స్క్రబ్ నర్సుగా ఆపరేషన్ థియేటర్‌లో చేరబోతున్నావని తెలిసి సంతోషించాను. పరికరాల పేర్లు నీకు తొందరగానే పట్టుబడతాయి కాబట్టి వాటి జోలికి పోకుండా, ఆపరేషన్‌లో వాడినవన్నీ తిరిగి బయటికి వచ్చాయో లేదో చూసే లెక్క గురించి మాత్రమే రాస్తున్నాను.

రోగి లోపల ఉండిపోయేవి కత్తెరలని బయటివాళ్లు అనుకుంటారు గాని, ఎక్కువగా ఉండిపోయేవి రక్తం అద్దే గుడ్డలైన గాజ్‌లు, మాప్‌లే. రక్తంలో తడిసిన మాప్ పేగుల మధ్య ముద్దకట్టి, పక్కనున్న కండలో కలిసిపోయినట్టే కనబడుతుంది. అలా మిగిలినది కొందరిలో రోజుల్లోనే చీము పట్టిస్తే, మరికొందరిలో ఏళ్ల తరబడి ఊరుకుని, ఏదో స్కానింగ్‌లో కణితిలా కనబడి కంగారు పెడుతుంది. ఇటువంటి కేసులను పరిశీలించి 2003లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో, అత్యవసర ఆపరేషన్లలోనూ, మధ్యలో అనుకోని మార్పు చేయవలసి వచ్చినప్పుడూ ప్రమాదం ఎక్కువని తేలింది. నన్ను ఆలోచింపజేసినది మాత్రం మరొకటి: లెక్క పెట్టిన కేసుల్లో చాలావాటిలో లెక్క సరిపోయిందనే నమ్మారట.

కనుక మాప్‌ల కట్ట మీద అయిదని రాసి ఉన్నంత మాత్రాన అయిదని ఒప్పుకోకు. ఒక్కొక్కటీ విడదీసి, ఎక్స్‌రేలో కనబడే దారం ఉందో లేదో చూసి, బయట తిరుగుతూ సామాను అందించే సర్క్యులేటింగ్ నర్సు కూడా చూస్తుండగా పైకి చెబుతూ లెక్కపెట్టు. కోతకు ముందు, కొత్త కట్ట తెరిచినప్పుడు, కడుపు మూసే ముందు, చర్మం కుట్టే ముందు, డ్యూటీ మారినప్పుడు ఇదే పద్ధతి. మాప్‌ను ఎన్నడూ ముక్కలుగా కత్తిరించనివ్వకు. రక్తస్రావం ఆపడానికి కావాలనే లోపల ఉంచిన మాప్‌ల సంఖ్యను కేస్ షీట్‌లో రాయించు, ఎందుకంటే వాటిని తీసే రోజున నువ్వు అక్కడ ఉండకపోవచ్చు.

లెక్క తగ్గితే మొహమాటపడకుండా సర్జన్‌గారికి వెంటనే, అందరికీ వినబడేలా చెప్పు. గాయంలో, రోగి మీద కప్పే డ్రేప్‌ల మడతల్లో, బకెట్లో, నేల మీద వెతికినా దొరకకపోతే, మూసే ముందే ఎక్స్‌రే అడుగు. ఏది తగ్గిందో ఫారంలో రాయి. చిన్న సూదులు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చని మాత్రం గుర్తుంచుకో.

ఒకసారి నేను అలా ఆపితే, సర్జన్‌గారు ఇరవై నిమిషాలు విసుక్కుంటూ నిలబడ్డారు. చివరికి ఆ మాప్ మత్తు డాక్టర్‌గారి చెప్పు కింద దొరికింది. నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాడు మొదటి కేసుకు మళ్లీ ఒకటి నుంచే లెక్కపెట్టాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ