సీలియాక్ రిపోర్టు వచ్చేదాకా: గోధుమ మానొద్దు, పోర్టల్ ముందు కూర్చోవద్దు

సందేహం: డల్లాస్ వచ్చి ఏడాది కాలేదు. రక్తం తక్కువగా ఉండటం, కడుపుబ్బరం తగ్గకపోవడం చూసి ఫ్యామిలీ డాక్టర్ సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని పేగు జబ్బు) టెస్ట్ రాశారు. శుక్రవారం రాత్రి డాక్టరు ఆఫీసు ఆన్‌లైన్ పోర్టల్‌లో రిజల్ట్ వచ్చింది. ఎర్రగా ‘హై’ అని ఉంది. ఎండోస్కోపీకి మూడు వారాల తర్వాత డేట్ ఇచ్చారు. నిద్ర పట్టడం లేదు. మావారేమో చపాతీలు, బ్రెడ్డు ఈరోజే మానెయ్యమంటున్నారు. ఇంటికి ఫోన్ చేసి చెప్పాలో వద్దో కూడా తోచడం లేదు.

జవాబు: ముందు చపాతీల సంగతి. మానొద్దు. ఈ మూడు వారాల్లో మీరు చేయగలిగిన అతి పెద్ద పొరపాటు అదే. కంగారులో ‘ఏదో ఒకటి చేద్దాం’ అనిపించినప్పుడు అందరికీ ముందు తట్టేదీ అదే.

కారణం ఇది. సీలియాక్ ఉన్నవాళ్లలో గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ అనే ప్రొటీన్‌కు శరీరం ఎదురుతిరిగి, చిన్నపేగు లోపలి గోడమీద నూగులా ఉండే చూషకాలను దెబ్బతీస్తుంది. నోట్లోంచి సన్నని గొట్టం పంపి చేసే ఎండోస్కోపీలో తీసే చిన్న పేగు ముక్కల్లో (అదే బయాప్సీ) డాక్టర్లు వెతికేది ఆ దెబ్బనే. గ్లూటెన్ ఆపితే పేగుకు తగిలిన దెబ్బ మానడం మొదలవుతుంది, రక్తంలో యాంటీబాడీలూ దిగుతాయి. మూడు వారాలు మానేసి బయాప్సీకి వెళ్తే రిపోర్టు అటూ ఇటూ కాకుండా రావచ్చు. అప్పుడు మళ్లీ వారాల తరబడి గోధుమ తిని, మళ్లీ ఎండోస్కోపీ చేయించుకుని, మళ్లీ బిల్లు కట్టాలి. ఆపాటికి ఒంటికి గోధుమ లేని హాయి అలవాటై ఉంటుంది కాబట్టి తిరిగి తినడం మరీ నరకం.

అలాగని పూటపూటా పూరీలు తినక్కర్లేదు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 3 గ్రాముల గ్లూటెన్ అని సాధారణంగా చెబుతారు. 30 గ్రాముల పిండితో చేసిన చపాతీలో రెండున్నర నుంచి మూడు గ్రాములుంటుంది, బ్రెడ్డు స్లైసులో సుమారు రెండు. పొద్దున ఒక స్లైసు, రాత్రి ఒక చపాతీ చాలు. ఇంగ్లండులో ఉన్నవాళ్లకు అక్కడి మార్గదర్శకాలు చెప్పేది: పరీక్షకు ముందు కనీసం ఆరు వారాలు, రోజుకు ఒకటికి మించిన పూటల్లో గ్లూటెన్ ఉండాలని. తినలేనంత బాధగా ఉంటే మీ అంతట మీరు ఆపకుండా, గ్యాస్ట్రో (కడుపు, పేగుల డాక్టరు) ఆఫీసుకు ఫోన్ చేసి ‘క్యాన్సిలేషన్ లిస్ట్‌లో పెట్టండి’ అని అడగండి. రోజూ పొద్దున ఆఫీసు తెరవగానే ఒకసారి కనుక్కుంటే చాలాసార్లు ముందు డేటే దొరుకుతుంది. కంగారును ఖర్చు పెట్టడానికి అది మంచి చోటు.

మన ఇళ్లలో ఇంకో తిరకాసుంది. ‘గోధుమ తింటూనే ఉన్నాం కదా’ అనుకుంటాం గానీ, ఇడ్లీ, అన్నం, పప్పు, పెరుగన్నంతో గడిచే వారంలో గ్లూటెన్ ఆదివారం పూరీలో తప్ప ఉండదు. ఇడ్లీ రవ్వ బియ్యంది, ఉప్మా రవ్వ గోధుమది. సేమ్యా, రవ్వదోసె, బొబ్బట్ల మైదా అన్నీ గోధుమలే. డబ్బాలో వచ్చే ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు గానీ, చిటికెడు ఇంగువతో 3 గ్రాములు రావు. నెలల తరబడి దాదాపు అన్నమే తిన్నవాళ్లకు రక్తపరీక్ష నెగెటివ్ వచ్చినా దాన్ని పూర్తిగా నమ్మలేం. డాక్టరు అడక్కపోయినా, వారంలో ఎన్నిసార్లు గోధుమ తింటారో మీరే చెప్పండి.

ఊళ్లో తెలిసిన డాక్టరును అడిగితే ‘అది పంజాబ్ వాళ్ల జబ్బు, మనకు రాదు’ అనొచ్చు. ఆ మాటలో కొంత నిజం ఉంది. 2016లో అచ్చయిన ఒక భారతీయ అధ్యయనంలో సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాదిన 1.23 శాతం మందిలో, దక్షిణాదిన 0.10 శాతం మందిలో కనిపించాయి. కానీ అదే అధ్యయనంలో గోధుమ వాడకం ఉత్తరాదిన రోజుకు నాలుగు వందల గ్రాములు దాటితే, దక్షిణాదిన పాతిక గ్రాముల చుట్టుపక్కలే ఉంది. జన్యువుల్లో అంత తేడా లేదు. ఇక్కడికి వచ్చాక పొద్దున సీరియల్, మధ్యాహ్నం సాండ్‌విచ్, రాత్రి పాస్తా అయిపోయిన మనిషికి ఆ దక్షిణాది లెక్క పెద్దగా భరోసా ఇవ్వదు. అలాగని భయపెట్టేదీ కాదు.

ఇప్పుడు ఆ ఎర్ర ‘హై’ సంగతి. అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం రిజల్ట్ తయారవగానే పేషెంటుకు అందుబాటులోకి రావాలి. అందుకే మీ డాక్టరుకంటే ముందు మీరు చూశారు, అదీ శుక్రవారం రాత్రి. ఆ ఎరుపు కంప్యూటర్ వేసింది. ల్యాబ్ గీసిన గీత దాటిందని తప్ప దానికి వేరే అర్థం లేదు. మీరు చూసిన టీటీజీ-ఐజీఏ (సీలియాక్‌కు ముందుగా చూసే యాంటీబాడీ) అంకెకు హద్దు ఒక ల్యాబ్‌లో 4, ఇంకో ల్యాబ్‌లో 15. కాబట్టి పక్కింటావిడ అంకెతో మీ అంకెను పోల్చకండి. మీ రిపోర్టులోనే నార్మల్ హద్దు ఎంత, మీది దానికి ఎన్ని రెట్లు అన్నదే లెక్క. పది రెట్లు దాటితే బయాప్సీలోనూ సీలియాక్ అని తేలే అవకాశం చాలా ఎక్కువ. యూరప్ పిల్లల వైద్యుల 2020 మార్గదర్శకాలు అలాంటి పిల్లలకు రెండో రక్తనమూనాలో ఈఎంఏ అనే ఇంకో యాంటీబాడీ టెస్ట్ కూడా పాజిటివ్ వస్తే బయాప్సీ లేకుండానే నిర్ధారించవచ్చన్నాయి. అమెరికాలో పెద్దవాళ్లకు ఇప్పటికీ ఎక్కువగా బయాప్సీ చేస్తారు. హద్దు కాస్త దాటిన అంకెలకు లివర్ జబ్బుల్లాంటి వేరే కారణాలూ ఉంటాయి.

అదే కాగితంలో ‘టోటల్ ఐజీఏ’ ఉందో లేదో చూడండి. ఒంట్లో ఐజీఏ రకం యాంటీబాడీలే తక్కువున్నవాళ్లకు టీటీజీ-ఐజీఏ దొంగ నార్మల్ చూపిస్తుంది. వాళ్లకు ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీ పరీక్షలు చేయాలి. జన్యుపరీక్ష రాస్తే దానికి జవాబు ఒకవైపే గట్టిగా వస్తుంది. డీక్యూ2, డీక్యూ8 అనే జన్యురకాలు రెండూ లేకపోతే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉంటే మాత్రం ఏమీ తేలదు, మామూలు జనాభాలోనే 30 నుంచి 40 శాతం మందికి ఉంటాయి. ఆ పాజిటివ్ చూసి ఏడ్చినవాళ్లు చాలామంది అనవసరంగా ఏడ్చారు.

ఎండోస్కోపీ రోజున రెండు విషయాలు. ఎన్ని ముక్కలు తీస్తారని ముందే అడగండి. డుయోడినమ్ (చిన్నపేగు మొదటి భాగం) కింది వైపు నుంచి కనీసం నాలుగు, మొదట్లో ఉండే బల్బ్ నుంచి ఒకటో రెండో తీయాలి. దెబ్బ అక్కడక్కడా మచ్చల్లా ఉంటుంది కాబట్టి రెండు ముక్కలతో సరిపెడితే తప్పిపోవచ్చు. రెండోది, మత్తు దిగుతుండగా డాక్టరొచ్చి ‘చూడ్డానికి నార్మల్‌గానే ఉంది’ అంటారు. అది రిజల్ట్ కాదు. కంటికి బాగున్న పేగు మైక్రోస్కోపు కింద దెబ్బతిని ఉండొచ్చు. ఆ మాట పట్టుకుని స్వీట్లు పంచడం, వారం తర్వాత రిపోర్టు చూసి కుప్పకూలడం మామూలే. ముక్కలను మైక్రోస్కోపు కింద చూసే పెథాలజీ రిపోర్టుకు సాధారణంగా వారం, పది రోజులు పడుతుంది. అందులో దెబ్బ తీవ్రతను ‘మార్ష్’ అంకెతో చెబుతారు. మార్ష్ 3 అంటే చూషకాలు అరిగిపోయాయని. మార్ష్ 1 ఒక్కటే ఉంటే సీలియాక్ అనలేం. కడుపులో చేరే హెచ్ పైలోరీ బ్యాక్టీరియా, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు, ఇండియా నుంచి మోసుకొచ్చిన జియార్డియా అనే పేగు పరాన్నజీవి కూడా అలాగే చూపిస్తాయి. వాడుతున్న మాత్రలు, ఈమధ్య చేసిన ప్రయాణాలు డాక్టరుకు చెప్పి ఉంచండి.

కొత్తగా వచ్చినవాళ్లు ఇరుక్కునేది తోడు దగ్గర. మత్తిస్తారు కాబట్టి పెద్దమనిషి ఎవరైనా వచ్చి తీసుకెళ్లాలి, ఒంటరిగా ఉబర్ ఎక్కి పోతామంటే చాలాచోట్ల మొదలే పెట్టరు. ఆ రోజు బండి నడపకూడదు. మీవారి లీవు ఇప్పుడే పెట్టించండి.

బిల్లు భయం కూడా ఆందోళనలో ఒక పెద్ద భాగమే, ఎవరూ పైకి అనరు గానీ. ఒకే ఎండోస్కోపీకి నాలుగు బిల్లులు రావచ్చు: సెంటరుది, డాక్టరుది, మత్తు డాక్టరుది, పెథాలజీది. ఇన్సూరెన్స్‌కు ఫోన్ చేసి, ‘సీపీటీ 43239, సెంటరూ డాక్టరూ ఇన్-నెట్‌వర్కేనా, నా డిడక్టిబుల్ ఎంత మిగిలింది’ అని అడిగి, మాట్లాడినవాళ్ల రిఫరెన్స్ నంబరు రాసుకోండి. (సీపీటీ 43239 అంటే బయాప్సీతో చేసే ఎండోస్కోపీ బిల్లు కోడ్. ఇన్-నెట్‌వర్క్ అంటే మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్నవాళ్లు. డిడక్టిబుల్ అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేలోగా మీ జేబులోంచి పెట్టాల్సింది.) సెంటర్ ఇన్-నెట్‌వర్క్ అయి మత్తు డాక్టరు కాకపోతే, 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ యాక్ట్ అనుకోని అదనపు బిల్లు నుంచి మీకు రక్షణ.  ఉద్యోగం మారినా కంపెనీ ఇన్సూరెన్స్ పాత జబ్బని పక్కన పెట్టడానికి వీల్లేదు. విజిటర్ ఇన్సూరెన్స్‌లు మాత్రం వేరు.

ఇక నిద్ర. ఫోన్‌లో పోర్టల్ నోటిఫికేషన్ ఆపెయ్యండి. బయాప్సీ అయ్యాక నర్సును మూడు ప్రశ్నలడగండి: ఎన్ని రోజుల్లో వస్తుంది, ఎవరు ఫోన్ చేస్తారు, రాకపోతే ఏ రోజున నేను చేయాలి? ఆ తేదీ క్యాలెండర్‌లో వేసి, అంతదాకా తెరవకండి. తెరవక తప్పదనిపిస్తే వారం మధ్యలో, పొద్దున పూట, మీవారు పక్కనుండగా తెరవండి. శుక్రవారం సాయంత్రం తెరిస్తే సోమవారం దాకా గూగులే మీ డాక్టరు. అది మిమ్మల్ని లింఫోమా అనే క్యాన్సర్ దాకా తీసుకెళ్తుంది. పేగు లింఫోమా చాలా అరుదు, ఎక్కువగా ఏళ్ల తరబడి బయటపడనివాళ్లలో, పథ్యానికి లొంగని సీలియాక్‌లో కనిపిస్తుంది. మూడు వారాల ఆలస్యంతో వచ్చేది కాదు.

సాయంత్రం ఒక ఇరవై నిమిషాలు దిగులుకు కేటాయించండి, పడుకునే ముందు మాత్రం కాదు. నోటుబుక్కులో ఒకవైపు ఈరోజు చేయగలిగినవి, ఇంకోవైపు రిపోర్టు వచ్చాకే తేలేవి రాయండి. మిగతా వేళల్లో గుర్తొస్తే ‘ఆరింటికి చూద్దాం’ అనుకోండి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ పనిచేస్తుంది. గుండె దడదడలాడితే నాలుగు లెక్కపెట్టేదాకా ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, ఐదు నిమిషాలు. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి హాల్లో మసక వెలుతురులో కూర్చోండి, ఫోన్ లేకుండా. మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు.

దడ అంతా మనసుదే అనుకోకండి. రక్తహీనత, థైరాయిడ్ తేడా కూడా దడ, నీరసం తెస్తాయి, సీలియాక్ ఉన్నవాళ్లలో రెండూ ఎక్కువే. ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డీ, టీఎస్‌హెచ్ (థైరాయిడ్) చూశారా అని అడగండి. ఐరన్ మాత్రలు మొదలుపెడితే విరేచనం నల్లగా అవుతుంది, దానికి హడలిపోవద్దు. అయితే మాత్రలు లేకుండానే తారులా నల్లగా వచ్చినా, నెత్తురు పడినా అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి.

పనికి వెళ్లలేనంతగా కుంగితే మీ ఇద్దరి కంపెనీల్లో ఈఏపీ (ఉద్యోగులకు సాయం చేసే ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్) ఉందేమో చూడండి. కొన్ని కౌన్సెలింగ్ సెషన్లు ఉచితం, భార్యాభర్తలకు కూడా సాధారణంగా వర్తిస్తుంది, ఏం మాట్లాడారో మేనేజరుకు చెప్పరు. బతకాలని లేదనిపిస్తే ఏ వేళైనా అమెరికా హెల్ప్‌లైన్ 988కి కాల్ లేదా టెక్స్ట్ చేయండి. ఇండియాలో ఉన్నవాళ్లకు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇంటికి చెప్పాలా? చెప్పండి, కానీ కొంచెమే. ‘అమ్మా, రక్తం తక్కువుంది, ఎందుకో చూస్తున్నారు, వచ్చే నెలకు తెలుస్తుంది, తెలియగానే నేనే చేస్తా’ అంటే చాలు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. సాయంత్రానికి ఏడుగురు ఏడు కషాయాలు చెబుతారు. ఆ ఫోన్‌లోనే మన వాళ్లలో థైరాయిడ్, చిన్నప్పటి నుంచి ఇన్సులిన్, ఎంతకీ తగ్గని రక్తహీనత ఎవరికైనా ఉన్నాయా అని అడిగి రాసుకోండి, డాక్టరుకు పనికొస్తుంది. మీకు నిర్ధారణ అయితే అమ్మానాన్నలు, తోబుట్టువులు, పిల్లలు టెస్ట్ చేయించుకోవాలి. వాళ్లలో పది మందిలో ఒకరికి ఉండే అవకాశం ఉంది. అది తర్వాతి మాట, ఇప్పుడే అనకండి.

గ్లూటెన్-ఫ్రీ సామాన్లు ఇప్పుడే కొనకండి. ఖరీదు, పైగా ఇంట్లో ఉంటే చెయ్యి ఆగదు. చేతులు ఖాళీగా ఉండలేకపోతే లేబుళ్లు చదవడం నేర్చుకోండి. అమెరికాలో ‘కంటెయిన్స్ వీట్’ అని రాయడం తప్పనిసరి, బార్లీకి ఆ నియమం లేదు. కాబట్టి ‘మాల్ట్’ (ఎక్కువగా బార్లీతో చేసేది) అన్న మాట మీరే వెతకాలి. హార్లిక్స్, సోయాసాస్ దగ్గర మొదలుపెట్టండి. గ్లూటెన్-ఫ్రీ అని రాసిందంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు లోపేనని. బియ్యం, పప్పులు, మినప, జొన్న, రాగి, కొర్ర అన్నీ మనవే, అన్నీ తినదగ్గవే. పిండి మాత్రం గోధుమ ఆడించిన మరలోది కాకూడదు.

పాజిటివ్ అని తేలితే ఆ అపాయింట్‌మెంట్‌లోనే డైటీషియన్‌కు రిఫరల్, ఆరు నెలలకు మళ్లీ టీటీజీ ఆర్డర్ అడిగి తీసుకోండి. బయాప్సీ నార్మల్ అని వచ్చి, రక్తంలో అంకె ఇంకా ఎక్కువుంటే ఫైలు మూసెయ్యనివ్వకండి. ముక్కలు ఎన్ని తీశారు, మళ్లీ టెస్ట్ ఎప్పుడు అని అడగండి. ఉబ్బరానికి పాలలోని లాక్టోజ్ కూడా కారణం కావచ్చు, మనవాళ్లలో అది చాలా మామూలు. రెండు వారాలు పాలు ఆపి చూడటం ఇప్పుడే చేయొచ్చు. దానివల్ల ఏ టెస్టూ చెడదు.